రేపు బడిలో రోజంతా మాట్లాడనంటోంది మా అమ్మాయి: డే ఆఫ్ సైలెన్స్ గురించి తెలిసినవారు చెప్పండి

ఎడిసన్_కరివేపాకు
మా అమ్మాయి పదో తరగతి. ఇక్కడ న్యూజెర్సీలో ప్రభుత్వ హైస్కూలు. రాత్రి అన్నం తింటూ "రేపు నేను స్కూలులో ఎవరితోనూ మాట్లాడను, ఇంటికి వచ్చాకే మాట్లాడతాను" అని చెప్పింది. ఎల్‌జీబీటీ, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వంటి పిల్లలు బడిలో పడే వేధింపుల గురించి అందరికీ తెలియాలని ఏటా ఏప్రిల్‌లో ఒక రోజు ఇలా చేస్తారట. ఎవరైనా పలకరిస్తే చేతికి ఇవ్వడానికి చిన్న చిన్న కార్డులు కూడా అచ్చు వేసుకుంది.

మావారికి కోపం వచ్చింది. "చదువుకోవడానికి పంపిస్తే ఇవన్నీ ఎందుకు? రేపు గుడిలో నలుగురూ అడిగితే ఏమి చెప్పాలి?" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. అత్తయ్య గారు ఈ ఆరు నెలలు మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ "రేపు ఏకాదశి కూడా కాదే, మౌనవ్రతం ఎందుకే?" అని మనవరాలిని అడిగారు. అది నా వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు. నేను చెప్పలేకపోయాను. తెలుగులో ఎలా చెప్పాలో నోటికి రాలేదు.

నాకు మూడు విషయాలు తెలియాలి. స్కూలువాళ్ళు శిక్షిస్తారా? రేపు కెమిస్ట్రీలో ఏదో ప్రయోగం ఉందట, మార్కులు పోతాయా? ఇందులో చేరే పిల్లలందరూ అటువంటివారేనా? ఈ మూడోది అమ్మాయిని అడిగే ధైర్యం లేక ఇక్కడ అడుగుతున్నాను.

ఉలవచారు
మా పదిహేనేళ్ళవాడు ఏ ఉద్యమంలోనూ చేరకుండానే రెండేళ్ళుగా మాట్లాడటం లేదు. మీ అమ్మాయి ముందుగా చెప్పి మరీ మానేస్తోంది, చాలా మంచి పిల్ల. పంపించండి.

డల్లాస్_నాన్న
నేను మీ వారి పక్షం. ఎవరినీ ఎవరూ వేధించకూడదు, అందులో రెండో మాట లేదు. ఏడిపించినవాడిని పట్టుకుని శిక్షించాలి. అది ప్రిన్సిపాల్ పని. దానికి పిల్లలు నోరు మూసుకుని కూర్చోవడం ఎందుకు? అసలు మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు అన్నారు. అన్యాయం జరుగుతోందంటే మాట్లాడాలి గాని, మాట్లాడటం మానేయడం ఏమిటి?

చాక్‌పీసు
నేను కాలిఫోర్నియాలో హైస్కూలు టీచరును. పన్నెండేళ్ళుగా ఈ రోజును తరగతి గదిలో చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇది 1996లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో మొదలైంది. అహింసాత్మక నిరసనల గురించి చదువుకుంటున్న విద్యార్థుల ఆలోచన. మొదటిసారి 150 మందికి పైగా పాల్గొన్నారు. మరుసటి ఏడాది వంద దాకా కాలేజీలకు పాకింది. తరువాత బడుల్లో ఎల్‌జీబీటీ పిల్లల కోసం పనిచేసే గ్లిసెన్ అనే సంస్థ బాధ్యత తీసుకుని హైస్కూళ్ళకు తెచ్చింది. 2008లో ఆక్స్‌నార్డ్‌లో, మా రాష్ట్రంలోనే, 15 ఏళ్ళ అబ్బాయిని తోటి విద్యార్థి తరగతి గదిలోనే తుపాకీతో కాల్చాడు. ఆ పిల్లవాడు బతకలేదు. అతను గే అని అప్పటికే బడిలో చెప్పుకున్నాడు, నగలూ బూట్లూ తనకు నచ్చినవి వేసుకునేవాడు. ఆ ఏడాది డే ఆఫ్ సైలెన్స్‌ను అతని జ్ఞాపకార్థం జరిపారు. వేధింపు అనే మాట మనకు చిన్నగా వినిపిస్తుంది. అది ఎక్కడిదాకా వెళుతుందో టీచర్లుగా మాకు తెలుసు.

రోజు ఎలా గడుస్తుందంటే: పిల్లలు పొద్దున బడిలో అడుగుపెట్టినప్పటి నుంచి మాట్లాడరు. కార్డు చూపిస్తారు. కొందరు నల్ల చొక్కాలు వేసుకుంటారు. నేను ప్రశ్న అడిగితే కాగితం మీద రాసి చూపిస్తారు. చివరి గంట కొట్టాక అందరూ ఒకచోట చేరి మౌనం విడుస్తారు, అప్పుడు గట్టిగా మాట్లాడతారు. ఆ చివరి అరగంట కోసమే రోజంతా ఆగుతారని నాకు అనిపిస్తుంది.

మీ మూడో ప్రశ్నకు జవాబు: కాదు. నా తరగతిలో చేరేవాళ్ళలో చాలామంది స్నేహితుల కోసం, అన్న కోసం, అక్క కోసం చేరతారు. ఎవరు దేనికోసం చేరారో నేను అడగను, పిల్లలూ ఒకరినొకరు అడగరు. అడగకపోవడం వల్లనే తమ కోసం చేరినవాళ్ళకు కూడా అక్కడ చోటు ఉంటుంది.

వానచినుకు
మా బడిలో జీఎస్‌ఏ అని, ఎల్‌జీబీటీ పిల్లలూ వాళ్ళ స్నేహితులూ ఉండే క్లబ్బు వీటన్నిటినీ చూస్తుంది. పిల్లలే నడుపుతారు, ఒక టీచరు పక్కన ఉంటారు. ప్రయోగం సంగతి ఏమిటో నాకూ తెలుసుకోవాలని ఉంది, మా వాడికి రేపు నోటి పరీక్ష ఉంది.

నల్లకోటు
వృత్తిరీత్యా వకీలును. అమెరికాలో దీని వెనుక 1969 నాటి టింకర్ కేసు ఉంది. అయోవా రాష్ట్రంలోని డెమోయిన్‌లో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965 డిసెంబరులో చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికి వెళ్ళారు. అందులో ఒక అమ్మాయికి 13 ఏళ్ళు. స్కూలు వాళ్ళను సస్పెండ్ చేసింది. సుప్రీంకోర్టు 7-2తో పిల్లల పక్షాన నిలిచింది. బడి గేటు దగ్గర విద్యార్థులు తమ హక్కులను విడిచిపెట్టి లోపలికి రారని చెప్పింది. చదువు సాగనీయకుండా గట్టి ఆటంకం కలిగిస్తేనే బడి ఆపగలదు. మాట్లాడకుండా కూర్చోవడం కంటే తక్కువ ఆటంకం ఇంకేమి ఉంటుంది?

అయితే హద్దు ఒకటి ఉంది. విరామంలో, భోజనం దగ్గర, వరండాలో మౌనంగా ఉండటం హక్కు. పాఠం మధ్యలో టీచరు అడిగినప్పుడు జవాబు చెప్పకపోవడం హక్కు కాదు. నోటి పరీక్ష ఉంటే మాట్లాడవలసిందే, లేకపోతే మార్కులు పోవచ్చు. ముందు రోజే టీచరుకు చెబితే చాలామంది రాతపూర్వకంగా ఒప్పుకుంటారు. వానచినుకు గారూ, ఈ రాత్రికే మీ వాడిచేత ఈమెయిల్ రాయించండి. ఇంకొక మాట, ఇదంతా ప్రభుత్వ బడుల సంగతి. ప్రైవేటు బడికి ఈ తీర్పు వర్తించదు.

మౌనం అర్ధాంగీకారం అన్నవారికి ఒక మన దేశపు కేసు చెప్పాలి. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి తీసేశారు. జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, కాని పాడేవారు కాదు. వాళ్ళ మతవిశ్వాసం అది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదన్నారు. మన సంప్రదాయం నేర్పేది సహనమని, దాన్ని పలుచన చేయవద్దని రాశారు. ఆ పిల్లల మౌనం దేనికీ అంగీకారం కాదు. అది వాళ్ళ మాట.

ఉలవచారు
చిన్నప్ప రెడ్డి గారి సంగతి తెలియదు నాకు. ఈ రాత్రి మా వాడికి చెబుతాను, వింటే.

డల్లాస్_నాన్న
హక్కు ఉందని ఒప్పుకున్నాను. హక్కు ఉన్న ప్రతిదీ పదిహేనేళ్ళ పిల్లలు చేయాలా? నా అసలు ఇబ్బంది వేరే. తరగతిలో ఇరవై మంది మౌనంగా ఉండి పది మంది మాట్లాడితే ఆ పది మందిని ఎలా చూస్తారు? వాళ్ళు చెడ్డవాళ్ళయిపోతారా? మతపరంగా ఒప్పుకోని కుటుంబాలు ఉన్నాయి. 2005లో వాళ్ళు డే ఆఫ్ ట్రూత్ అని పోటీగా ఒక రోజు పెట్టారు. ఒక రోజు వీళ్ళది, మరుసటి రోజు వాళ్ళది. మధ్యలో పిల్లలు. బడిని ఇలా రెండు ముక్కలు చేయడం నాకు నచ్చదు.

చాక్‌పీసు
డల్లాస్ గారూ, మీ భయం నాకు అర్థమవుతుంది. నా తరగతిలో మాట్లాడిన పిల్లవాడిని ఎవరూ ఏమీ అనకుండా చూడటం నా పని, చూస్తాను. కాని బడి ఈ రోజు వల్ల రెండు ముక్కలు కాలేదు. ఒక పిల్లవాడు మధ్యాహ్నం అన్నం తినడానికి బాత్రూముకు వెళ్ళిన రోజే అయింది. ఆ పిల్లవాడిని నేను చూశాను.

టాంపా_మామిడి
మాది ఫ్లోరిడా. లైంగికత, లింగ గుర్తింపు గురించి తరగతిలో చెప్పడానికి హద్దులు పెడుతూ 2022లో వచ్చిన చట్టం తరువాత మా బడిలో టీచర్లు ఈ విషయం ఎత్తడానికే భయపడుతున్నారు. న్యూజెర్సీవారు అదృష్టవంతులు. మీ దగ్గర 2019లో సంతకమైన చట్టం ప్రకారం ఎల్‌జీబీటీ వ్యక్తుల చరిత్ర పాఠ్యాంశాలలోనే ఉండాలి. అదే దేశం, మూడు గంటల విమానం.

పేరు_అక్కరలేదు
ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాకు ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఒహాయోలో పెరిగాను. 2015 ఏప్రిల్‌లో, పదో తరగతిలో, నేను కూడా డే ఆఫ్ సైలెన్స్ చేశాను. ఇంట్లో "స్నేహితుల కోసం" అని చెప్పాను. అబద్ధం. నా కోసమే చేశాను. ఆ కార్డు నాకు ఎంత పనికి వచ్చిందో చెప్పలేను. నా గురించి ఒక్క ముక్క చెప్పకుండానే, నాకు సంబంధించిన మాటను రోజంతా చేతిలో పట్టుకుని తిరిగాను. ఎవరూ నన్ను అడగలేదు. పైన చాక్‌పీసు గారు చోటు అన్నారే, నేను ఆ చోట్లో ఉన్నాను.

ఆ సాయంత్రం ఎవరిదో ఇంట్లో సత్యనారాయణ వ్రతం. అమ్మ కారులో వెనక్కి తిరిగి నా చొక్కాకు గుచ్చుకున్న బిళ్ళ చూసి "అది తీసి జేబులో పెట్టుకో నాన్నా" అంది. కోపంగా కాదు, చాలా మెల్లగా. నేను తీశాను. రెండు నెలల తరువాత, జూన్ 26న, పెళ్ళి హక్కు గురించి సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. టీవీలో చూపిస్తుంటే అమ్మ చానల్ మార్చింది. అమ్మకు అప్పటికే తెలుసునని నాకు తెలుసు. ఆ తరువాత ఎనిమిదేళ్ళు మా ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. బడిలో ఒక్క రోజు మౌనం నాకు బరువు కాలేదు. ఇంట్లోది మోయలేకపోయాను.

కరివేపాకు గారూ, మీ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. తన కోసం చేస్తోందో, స్నేహితురాలి కోసం చేస్తోందో కూడా తెలియదు. ఇవాళ రాత్రి ఏమీ అడగవద్దు. కార్డు ఒకటి నాకూ ఇవ్వు అనండి. అంతే.

వానచినుకు
చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇప్పుడు మీరూ అమ్మగారూ మాట్లాడుకుంటున్నారా?

పేరు_అక్కరలేదు
మాట్లాడుకుంటున్నాం. రెండేళ్ళ క్రితం ఆవిడే ఫోను చేసి అడిగింది. గోంగూర ఎలా నిలవ పెట్టాలో చెబుతూ మధ్యలో "నీతో ఎవరైనా ఉంటున్నారా?" అంది. నేను ఉన్నాడని చెప్పాను. "అతను కారం తింటాడా?" అని అడిగింది.

ఉలవచారు
ఎక్కువ నూనె పోయించండి ఆ గోంగూరలో. ఇద్దరికీ సరిపోవాలి.

సుద్దగోడ
నేను హైదరాబాదులో తొమ్మిది, పది తరగతులకు సాంఘికశాస్త్రం చెబుతాను. నాకు డల్లాస్ గారితో ఒక విషయంలో ఏకీభావం ఉంది, కారణం మాత్రం వేరు.

మా దగ్గర డే ఆఫ్ సైలెన్స్ పెడితే ఎవరికీ తేడా తెలియదు. ఈ విషయం మీద మాది ఏడాది పొడుగునా మౌనమే. స్వలింగ సంబంధాలు నేరం కాదని 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షన్ మీద తీర్పు వచ్చిన మరునాడు స్టాఫ్‌రూములో పేపరు తెరిచి ఉంది. అందరం మొదటి పేజీ తిప్పి క్రీడల పేజీకి వెళ్ళాం. నేనూ తిప్పాను. అదే ఏడాది తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాడి నడకను మిగతావాళ్ళు అనుకరించేవారు, వాడు లేచి నిలబడగానే వెనుక బెంచీలో చప్పట్లు మొదలయ్యేవి. ఆ చప్పట్ల అర్థం హైదరాబాదులో ప్రతి పిల్లవాడికీ తెలుసు. నేను "నిశ్శబ్దం!" అని బల్ల మీద కొట్టేవాడిని. నిశ్శబ్దం వచ్చేది. నా పని అయిపోయిందనుకునేవాడిని. ఎందుకు కొడుతున్నారు, అది ఎందుకు తప్పు అని ఒక్కసారి కూడా నోరు తెరిచి చెప్పలేదు. వాడు పదో తరగతికి రాలేదు. వేరే ఊరు వెళ్ళారని చెప్పారు.

2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయంలో టీచర్ల కోసం ఒక శిక్షణ పుస్తకం వెబ్‌సైటులో పెట్టింది. నేను దించుకుని చదవడం మొదలుపెట్టాను. అభ్యంతరాలు వచ్చాయి, కొద్ది రోజులకే తీసేశారు. అంటే మాకు చెప్పేవాళ్ళ నోరు కూడా మూతపడింది.

కాబట్టి నా అభిప్రాయం, మౌనం అక్కడ పనికి వస్తుందేమో, మాకు కావలసింది మాట. టీచరు నోటి నుంచి, తరగతి మధ్యలో.

నల్లకోటు
సుద్దగోడ గారూ, తెలంగాణలో ఒక మాట పలికింది కూడా. నిజాం కాలం నుంచి నపుంసకుల చట్టం అని ఒకటి ఉండేది. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించడానికి, వారంటు లేకుండా పట్టుకోవడానికి. ట్రాన్స్‌జెండర్ ఉద్యమకారులు కోర్టుకు వెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. సాంఘికశాస్త్రం పాఠంలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

సుద్దగోడ
సోమవారం చెబుతాను. ఇక్కడ రాశాను కాబట్టి చెప్పి తీరాలి.

చాక్‌పీసు
మౌనమా, మాటా అనే తగువు ఇక్కడ పిల్లల్లో కూడా ఉంది. గ్లిసెన్‌వారు ఇటీవల పేరునే డే ఆఫ్ నో సైలెన్స్ అని మార్చారు. పుస్తకాలు తీసేస్తున్న, కొత్త చట్టాలు వస్తున్న కాలంలో మౌనంగా ఉండటం సరిపోదని. మా బడిలో పిల్లలు ఓటు వేసుకుని పాత పద్ధతినే ఉంచుకున్నారు. "గట్టిగా మాట్లాడటం రానివాళ్ళు కూడా మౌనంగా ఉండగలరు మేడమ్" అని ఒక అమ్మాయి చెప్పింది. నాకు జవాబు దొరకలేదు.

డల్లాస్_నాన్న
ఆ పిల్ల చెప్పినది బాగుంది. నా అభిప్రాయం మాత్రం పూర్తిగా మారలేదు, మారిందని రాస్తే అబద్ధం అవుతుంది. పేరు అక్కరలేదు గారు రాసినది రెండుసార్లు చదివాను. మా ఇంట్లో కూడా టీవీ రిమోటు నా చేతిలోనే ఉంటుంది.

పదకొండో_తరగతి
అమ్మ నాకు ఇది చదివి వినిపించింది, నేను చెబుతుంటే తెలుగులో టైపు చేస్తోంది. నేను పోయిన ఏడాది చేశాను. ఆ అమ్మాయికి చెప్పండి: చిన్న తెల్ల బోర్డు, మార్కరు తీసుకెళ్ళాలి. కార్డులు పది సరిపోవు, ముప్పై కావాలి. ఎవరో ఒకరు నవ్వించి మాట్లాడించాలని చూస్తారు, అప్పుడు చూపు కిందికి దించుకుంటే చాలు. పొరపాటున "థాంక్యూ" అనేస్తాం, బస్సు దిగేటప్పుడు. అది లెక్కలోకి రాదు. మధ్యాహ్నం భోజనం దగ్గర అందరికంటే కష్టం. ఒక సీనియర్ అన్నయ్య ఎప్పుడూ నాతో మాట్లాడనివాడు వచ్చి నా కార్డు చదివి, మడిచి పర్సులో పెట్టుకుని వెళ్ళాడు. ఇప్పటికీ ఎందుకో తెలియదు.

వానచినుకు
మా వాడి టీచరు రాతపరీక్షకు ఒప్పుకున్నారు! నల్లకోటు గారికి ధన్యవాదాలు.

ఎడిసన్_కరివేపాకు
శుక్రవారం రాత్రి రాస్తున్నాను. అందరి మాటలూ చదివాను.

నిన్న రాత్రి అమ్మాయి గదికి వెళ్ళి "కార్డు ఒకటి నాకూ ఇవ్వు" అన్నాను. ఇచ్చింది. "రెండు ఇవ్వనా?" అని అడిగింది. రెండోది వాళ్ళ నాన్న కోసమని అర్థమై తీసుకున్నాను. మావారి కారు తాళాల పక్కన పెట్టాను. పొద్దున చూస్తే తాళాలూ లేవు, కార్డూ లేదు.

కెమిస్ట్రీ టీచరు రాసి చూపిస్తే సరే అన్నారట. ఒక అబ్బాయి రెండుసార్లు వెక్కిరించాడట, మూడోసారి పక్కవాళ్ళే ఆపారట. సాయంత్రం బస్సులో రావలసింది, మావారు ముందే ఆఫీసు నుంచి బయలుదేరి తీసుకురావడానికి వెళ్ళారు. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదట. బడి అయిపోయింది కాబట్టి ఇది మాట్లాడవచ్చు, కాని ఈయనే ఏమీ అడగలేదు. ఇంటి ముందు కారు ఆపి "ఆకలి వేస్తోందా?" అన్నారట. ఆ రోజు మొత్తంలో అది పలికిన మొదటి మాట "ఊ".

నా మూడో ప్రశ్న నేను అడగలేదు. అది చెప్పలేదు. చెప్పదలచుకున్నప్పుడు నేను వంటింట్లోనే ఉంటాను.

ఇప్పుడు అసలు సమస్య. అత్తయ్య గారు కార్డు చేతిలో పట్టుకుని "ఇందులో ఏముందో తెలుగులో రాసి ఇవ్వండి, నేను చదువుకుంటాను" అన్నారు. మేము ముగ్గురం కూర్చుని రాశాం. పేపర్లలో రాసే స్వలింగ సంపర్కులు అనే మాట అమ్మాయికి నచ్చలేదు. "అది పోలీసు కేసులాగ ఉంది అమ్మా" అంది. మా చిత్తుప్రతి ఇది, తప్పులు దిద్దండి:

"నేను ఈ రోజు మాట్లాడటం లేదు. అబ్బాయిలను ప్రేమించే అబ్బాయిలు, అమ్మాయిలను ప్రేమించే అమ్మాయిలు, పుట్టినప్పుడు రాసిన లింగంతో ఇమడలేనివాళ్ళు మన బడిలో ఉన్నారు. భయం వల్ల వాళ్ళు మాట్లాడలేక పోతున్నారు. వాళ్ళు మోస్తున్న మౌనాన్ని ఒక్క రోజు నేనూ మోస్తున్నాను."

సుద్దగోడ
బాగుంది. "ఇమడలేనివాళ్ళు" అంటే లోపం వాళ్ళది అన్నట్టు ధ్వనిస్తుంది. "పుట్టినప్పుడు రాసిన లింగం తమది కానివాళ్ళు" అనండి. దీన్ని నేను సోమవారం నల్లబల్ల మీద రాసుకోవచ్చా?

ఎడిసన్_కరివేపాకు
తప్పకుండా రాయండి. అమ్మాయి ఎగిరి గంతేసింది.

పేరు_అక్కరలేదు
నాకూ ఒక ప్రతి కావాలి. అమ్మకు పంపిస్తాను.

డల్లాస్_నాన్న
"మాట్లాడలేక పోతున్నారు" కాదు, "మాట్లాడలేకపోతున్నారు" అని కలిపి రాయాలి. "మోస్తున్న" పక్కనే మళ్ళీ "మోస్తున్నాను" వచ్చింది, అది అలాగే ఉండనివ్వండి, బాగుంది. పెద్దావిడ చదువుకోవాలి కాబట్టి అక్షరాలు పెద్దవిగా అచ్చు వేయించండి.